చీటీ కట్టిన చేతులు

వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోటనీ చదివిన పాతతరం వాళ్లు ఇద్దరు కలిస్తే ముందు చెట్ల క్షేమసమాచారాలు నడుస్తాయి. ఆ నాగమల్లి ఉందా, ఆ కైజీలియా హుద్‌హుద్‌కి పోయిందట కదా, సైకస్ ఆడమొక్క ఈ ఏడు కాయ పట్టిందా అని. పిల్లలూ పెళ్లిళ్లూ షుగరూ ఆ తర్వాతే. ఆ కబుర్లలో ప్రొఫెసర్ల పేర్లు దొర్లుతాయి. మొక్క తెచ్చినవాడు, చీటీ కట్టినవాడు, ఎండిన కొమ్మను కాగితానికి కుట్టినవాడు మాత్రం రారు. అక్కడి బోటనీ తోటను తోటగా నిలబెట్టింది వాళ్లే. ఈ తీరంలో ఈ కథ 240 ఏళ్ల నాటిది కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

కరివేపాకును ముర్రాయా కోనిగీ అని చదువుకున్నాం. ఈ మధ్య దాన్ని, మొక్కలకు రెండు మాటల పేర్లు స్థిరపరిచిన లిన్నేయస్ నాటి పాత పేరు బెర్గెరా కోనిగీకే మళ్లీ తిప్పారు. ఏది రాసినా రెండో మాట యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడిది. ఆయన లిన్నేయస్ దగ్గర చదువుకుని 1768లో తమిళ తీరంలోని తరంగంబాడి వచ్చాడు. కొన్నాళ్లు ఆర్కాటు నవాబు కొలువులో, 1778 నుంచి ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. రాసుకున్న కాగితాలన్నీ లండన్‌లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. పరీక్షలో షార్ట్ నోట్‌గా వచ్చే ఈ పేరు మన పోపులో రోజూ చిటపటలాడేదే.

కోనిగ్ ఉద్యోగం దక్కినాయన అచ్చంగా మన ఊరివాడైపోయాడు. ప్యాట్రిక్ రస్సెల్ అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులను చూసిన డాక్టరు. తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు విశాఖపట్నంలో కంపెనీ పెత్తనం అప్పగిస్తే, ఆయనకు తోడుగా 1781లో బయల్దేరి వచ్చాడు. ఇక్కడ ఆయన చేపలు పోగేశాడు, పాములు పోగేశాడు, మొక్కలూ పోగేశాడు. 1803లో అచ్చయిన చేపల పుస్తకంలో ఉన్న 200 చేపలూ విశాఖలో సేకరించినవే. బొమ్మల దగ్గర జాలరులు చెప్పిన తెలుగు పేర్లే ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. ఇప్పుడు ప్రపంచం రస్సెల్స్ వైపర్ అనే పామును ఆయన తన పుస్తకంలో ‘కాటుక రేకుల పొడ’ అని రాసుకున్నాడు. ఆ పేరు చెప్పిన పాములవాడెవరో మనకు తెలియదు.

అసలు తోట పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఇక్కణ్నుంచి రైల్లో 150 కిలోమీటర్లు వెళ్తే సామర్లకోట. 1781 నుంచి 1793 దాకా ఆయన మకాం అక్కడే. కంపెనీ సర్జన్‌గా జీతం తీసుకుంటూ మిరియం, కాఫీ, దాల్చినచెక్క, నీలి, పట్టుపురుగుల కోసం మల్బరీ, సీమపనస వేయించాడు. రోజూ బారోమీటరూ థర్మామీటరూ చూసి రాసుకునే అలవాటు ఆయనది. వానల్లేక ఉత్తర సర్కారుల్లో కరువు పడ్డప్పుడు వెనకటి కరువుల సంగతులు పిఠాపురం రాజావారి దగ్గర వాకబు చేశాడు. వరి పోయినా జనానికి తిండి దొరకాలంటే కొబ్బరి, తాటి, అరటి, పనసలాంటివి ఊరూరా నాటించమని కంపెనీకి రాశాడు. తోట అంటే వింత మొక్కల కొలువు అనుకునే ఆ రోజుల్లో అది ముందుచూపే. చెరకు సాగూ బెల్లం వంటా ఎలా చేస్తారో రాజమండ్రి సర్కారు రైతుల దగ్గర కూర్చుని రాసుకున్న నోట్సు ఇప్పుడు చదివినా పొలం వాసన వేస్తుంది. 1793లో ఆయన్ని కలకత్తా తోటకు సూపరింటెండెంటుగా పంపారు. అది అప్పటికి ఆరేళ్ల వయసున్న తోట. కలకత్తాలో ఆయనకు వచ్చిన పేరుకు పునాది సామర్లకోటలో పడింది.

మన జిల్లావాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన ముక్క ఒకటుంది. అంకుడు చెట్టును నేరియం టింక్టోరియం అని ఆయన వర్ణించాడు. ఇప్పుడది రైటియా టింక్టోరియా. మామూలు నీలిమొక్కను చల్లనీళ్లలో నానబెడతారు. అంకుడు ఆకులకు వేడినీళ్లు పడితే గానీ రంగు దిగదని, అలా నీలిమందు తీయొచ్చని ఆయన తేల్చాడు. లక్క పురుగు మీద కూడా ఆయన పరిశీలనలు రాశాడు. ఏటికొప్పాక లక్కబొమ్మకు కావాల్సిన రెండు సరుకులూ, అంటే అంకుడు కర్రా లక్కా, ఒకే మనిషి కాగితాల్లో ఉన్నాయన్నమాట. ఆయన మాత్రం ఒక దాంట్లో నీలిమందు వ్యాపారాన్నే చూశాడు. బొమ్మలు చేసేవాళ్లకు ఆ కర్ర ఎందుకు పనికొస్తుందో తెలుసు. నార సన్నం, పని తేలిక, లక్క బాగా పడుతుంది. సోమిద చెట్టు సంగతీ అలాంటిదే. సింకోనా బదులు దాని బెరడు జ్వరానికి వాడొచ్చని రాక్స్‌బర్గ్ 1793లో ప్రచారం చేశాడు. తర్వాత ఆ చెట్టు ప్రజాతికి సోయ్మిడా అన్న పేరే స్థిరపడింది.

రాక్స్‌బర్గ్ లండన్ పంపిన సుమారు 500 మొక్కల చిత్రాల్లోంచి బ్యాంక్స్ 300 ఎంచాడు. అవి 1795 నుంచి మూడు సంపుటాలుగా వచ్చాయి. మొదటి సంపుటానికి ముందుమాట రస్సెల్‌దే. కలకత్తాలో ఉండగా వేయించినవి కూడా కలిపితే బొమ్మలు 2,500 దాటాయి. ఆకు అడుగున ఉన్న ఈనె కూడా వదలకుండా గీసిన ఆ చిత్రకారులు మనవాళ్లే. అచ్చు పుస్తకంలో చెక్కినవాడి పేరుంది, గీసినవాళ్ల పేర్లు లేవు.

తర్వాత శతాబ్దంలో అటవీశాఖ దొరలు బెడ్డోమ్, గాంబిల్ మన కొండలు తిరిగారు. 1915లో మొదలై 1936 దాకా భాగాలుగా వచ్చిన గాంబిల్ మద్రాసు ఫ్లోరాను, అంటే ఆ ప్రాంతపు మొక్కల వర్ణనల పుస్తకాన్ని, చేత్తో పట్టుకుని మొక్క గుర్తించడం నేర్చుకున్న తరాలు వాల్తేరులో ఉన్నాయి. 1972లో జె. వెంకటేశ్వర్లు గారు, సహచరులు కలిసి విశాఖపట్నం ఫ్లోరా తెచ్చేసరికి, ఊరి చుట్టూ ఉన్న మొక్కకు మన ఊళ్లోనే రాసిన పుస్తకం దొరికింది. అలాంటి పుస్తకంలో ప్రతి వాక్యం వెనకా ఎక్కడో ఒక ఇనప బీరువాలో ఒక ఎండిన కొమ్మ ఉంటుంది. ఆ కొమ్మను బతికించడం ఒక పెద్ద చాకిరీ.

ఆ చాకిరీ అరకు కొండలెక్కే కిరండూల్ పాసింజరు రైల్లో మొదలయ్యేది. పొద్దున్నే విశాఖ స్టేషన్‌లో మొక్కలను అదిమి ఎండబెట్టే ప్రెస్సులు, పాత న్యూస్‌పేపర్ల కట్టలు, కోసిన కొమ్మలు వాడకుండా మోసే రేకు వాస్కులం డబ్బాలు, గునపం, పొడుగు వెదురుకు కట్టిన కొక్కెం కత్తి. తీరంలో ఇసుక మీద పాకే ఇపోమియా, రావణాసురుడి మీసాలు, మొగలి చూసిన కళ్లు సాయంత్రానికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న షిమిలిగూడ దాటి ఉండేవి. అనంతగిరి వాగుల పక్కన చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్న్‌లు, సిల్వర్ ఓక్ నీడన కాఫీ. ఒక్క రోజులో ఇంత ఎత్తు తేడా దొరికే విశ్వవిద్యాలయాలు దేశంలో ఎన్నో లేవు.

ఊరివాళ్లను పేరు అడగడానికీ పద్ధతి ఉంది. పచ్చికొమ్మ చూపించాలి, ఎండింది చూపిస్తే ఎవరైనా తడుముకుంటారు. ‘ఇది ఫలానా కదా’ అని మనమే అందిస్తే మర్యాదకు అవునంటారు. ఇద్దర్ని విడివిడిగా అడగాలి. పక్కపక్క ఊళ్లలో ఒకే మొక్కకు రెండు పేర్లుంటాయి. రెండు మొక్కలకు ఒకే పేరుండటం ఇంకా ప్రమాదం, మందు మొక్కల దగ్గర మరీను. చెప్పినవారి ఊరు రాసుకోవాలి. వాళ్ల పేరూ రాస్తే న్యాయం, ఎక్కువమంది రాయలేదు.

ఒక చెట్టు నుంచి ఒకసారి కోసిన కొమ్మలన్నిటికీ ఒకే నంబరు. నాలుగైదు డూప్లికేట్లు చాలు. పువ్వూ కాయా రెండూ ఉన్న కొమ్మ కావాలి, చిన్న మొక్కయితే వేరుతో సహా. అక్కడ ఒకటో రెండో మొక్కలే ఉంటే కోయకూడదు, చూసి రాసుకుని రావాలి. ఎండాక కనపడనివన్నీ అక్కడికక్కడే రాయాలి. చెట్టు ఎత్తు, బెరడు రంగు, పాలు కారతాయా, నలిపితే వాసన, పువ్వు రంగు. శంఖుపుష్పం నీలం కాగితాల మధ్య వెలిసిపోయాక ఏ రంగో ఎవరికీ గుర్తుండదు.

ప్రెస్సులో పెట్టాక మొదటిసారి కాగితం మార్చేదే అసలు గడియ. పన్నెండు గంటలకూ ఇరవై నాలుగు గంటలకూ మధ్య ఆకు మెత్తబడి చెప్పినట్టు వింటుంది. అప్పుడే మడతలు విప్పి, ఒకటి రెండు ఆకులు బోర్లా తిప్పాలి. అడుగుభాగం కనపడకపోతే నూగు ఉందో లేదో తర్వాత తెలియదు. ఆ గడియ దాటితే ఆకు పెళుసై విరుగుతుంది. తర్వాత రోజూ కాగితం మార్చుకుంటూ పోతే వారం పది రోజుల్లో ఎండుతుంది. ఇది ఎండాకాలం లెక్క. జూలై నుంచి అక్టోబరు దాకా విశాఖ గాలిలో చెమ్మకు రెండో రోజుకే బూజు కనపడుతుంది. అప్పుడు చెక్కపెట్టె అడుగున 100 వాట్ల బల్బులు వెలిగించి, కాగితాల మధ్య ముడతల అట్టలు పెట్టి, గాలి కిందనుంచి పైకి పోయేట్టు ప్రెస్సును నిలువుగా ఉంచాలి. 45 డిగ్రీలు దాటకూడదు. దాటితే ఆకు గోధుమరంగుకు తిరిగి పొడి రాలుతుంది. రాత్రి బల్బులు ఆపి పొద్దున మళ్లీ వేద్దామనుకుంటే చెమ్మంతా వెనక్కి వస్తుంది.

కొన్ని మొక్కలు ప్రెస్సులో కూడా చావవు. జెముడు, ఆర్కిడ్‌లు నెల తర్వాత తెరిచినా చిగురేసి ఉంటాయి. పువ్వును పైకి పట్టుకుని కాండం, ఆకులు మరిగే నీళ్లలో ముంచి తీయాలి. చింత, ఉసిరి జాతుల ఆకులు ఎండేలోపే రాలిపోయి పుల్ల మిగులుతుంది. కొమ్మ ఇంకా బతికే ఉండి ఆకు తొడిమ దగ్గర తెగే పొర కట్టుకోవడమే దానికి కారణం. వేడినీళ్లో ఆల్కహాలో పడితే ఆ పని ఆగుతుంది. నీటిమొక్కలను ట్రేలో తేలేసి, కిందనుంచి కాగితంతో ఎత్తి తీస్తేనే ఆకులు విడివిడిగా నిలుస్తాయి.

తర్వాత విషం. 4.5 లీటర్ల ఆల్కహాల్లో 115 గ్రాముల మెర్క్యూరిక్ క్లోరైడ్, అందులో ఒక్కసారి ముంచి తీయడం. పింగాణీ ట్రే, చెక్క పట్టకారు వాడాలి, ఆ ద్రావణం లోహాన్ని తినేస్తుంది. ఈ పని ఏళ్ల తరబడి చేసింది ఎక్కువగా అటెండర్లు. చేతులకు తొడుగుల్లేవు, గదికి ఎగ్జాస్ట్ ఫ్యానూ లేదు. వాళ్ల చేతులకు పట్టిన పాదరసం ఏ ఫ్లోరాలోనూ రాయలేదు. ఇప్పుడు ఆ పద్ధతి మానేశారు గానీ కొమ్మలు కుట్టిన పాత షీట్లలో విషం అలాగే ఉంది. బూడిదరంగు మరకలున్న షీటును వట్టి చేత్తో ముట్టుకోవద్దు, ఆ గదిలో టిఫిను తినొద్దు, బీరువా తెరవగానే మొహం లోపల పెట్టొద్దు.

విషం బదులు ఇప్పుడు చలి. షీట్లను పాలిథీన్‌లో గాలి చొరకుండా చుట్టి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో వారం ఉంచితే సిగరెట్ బీటిల్, దాని గుడ్లు, పుస్తకాల పేను చస్తాయి. చాలామంది తప్పు చేసేది తీసేటప్పుడు. చల్లగా ఉండగానే కవరు విప్పితే మన గాలిలోని తేమంతా షీటు మీదే నీరుగా దిగుతుంది. గది వేడికి వచ్చేదాకా, అంటే ఒక రోజు, కవరు విప్పకూడదు. కరెంటు పోయి ఫ్రీజరు మధ్యలో కరిగితే లెక్క మొదటికి. కాపలాకు నాఫ్తలీన్ ఉండలు వేస్తారు. వాటికి పురుగు దూరంగా ఉంటుందే గానీ, లోపల ఉన్నది చావదు.

షీటు కొలత 42 సెంటీమీటర్లకు 28. సన్నటి భాగాలకు జిగురు, లావు కొమ్మకు సూదీదారం, రాలిన గింజలకు పక్కన చిన్న కాగితం పొట్లం. లేబులు ఎప్పుడూ కింద కుడివైపు. అందరికీ తెలిసిన బెంథామ్, హుకర్ వరసలో 202 కుటుంబాలుగా బీరువాలు నిండేవి. దస్తూరి గుండ్రంగా ఉన్న మనిషికే లేబుళ్లు రాసే పని పడేది. ఇండియన్ ఇంకుతో రాసినవి ఇప్పటికీ నల్లగా ఉన్నాయి, బాల్‌పెన్నుతో రాసినవి వెలిసిపోయాయి.

బతికున్న తోట ఇంకో రకం చాకిరీ. వాల్తేరు అప్‌ల్యాండ్స్ ఎర్రమట్టిలో నీరు ఇట్టే జారిపోతుంది. మే నెలలో రెండడుగుల పొడవు, వెడల్పు, లోతున గోతులు తీసి నెల రోజులు ఎండకు వదిలేవారు. పావు వంతు చివికిన గత్తం, పావు వంతు ఇసుక, మిగతా సగం పైమట్టి కలిపి నింపి, రెండు వానలు పడి మట్టి అణిగాక మొక్క పెట్టేవారు. గత్తం పచ్చిదైతే చెదలు వస్తాయి. మట్టి అణగకముందే నాటితే మొక్క మెడదాకా గోతిలోకి దిగి కుళ్లుతుంది. ఇవన్నీ ఏ సిలబస్‌లోనూ లేవు. నామినల్ మస్టర్ రోల్ మీద, అంటే రోజుకూలీ పట్టీలో, ఏళ్లకేళ్లు పనిచేసిన మాలీలు ఒకరికొకరు చెప్పుకున్నవి. ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో ప్రాక్టికల్స్‌కు వారం ముందే వాళ్లకు తెలిసేది, లెక్చరర్లు వాళ్లను అడిగే టైంటేబుల్ వేసుకునేవారు.

సైకస్‌కు చదువుల వల్లే ప్రమాదం. దాని పగడపు వేళ్లలో నీలి ఆకుపచ్చ శైవలాలు కాపురముంటాయి కాబట్టి ప్రతి బ్యాచికీ ఆ వేరు కావాలి. ఏటా మొదలు చుట్టూ తవ్వితే చెట్టు తట్టుకోలేదు. తెలిసిన మాలీ ఒక ఏడు ఒక పక్కనే తవ్వనిచ్చి, గోతిలో ఇసుక కప్పి, మరుసటి ఏడు రెండో పక్కకు వెళ్లేవాడు. కోసిన ముక్కలు ఫార్మలిన్‌లో దాస్తే రెండు బ్యాచీలకు సరిపోతాయి.

ఇక చీటీ. సముద్రపు గాలికి రంగు వేసిన ఇనపరేకు రెండు వానాకాలాలు దాటదు. అల్యూమినియం రేకు మీద అక్షరాలు అచ్చుగుద్దితేనే నిలుస్తుంది. మేకు కూడా అల్యూమినియందే కావాలి, ఇనప మేకు తుప్పు బెరడులోకి దిగుతుంది. మేకును పూర్తిగా దిగ్గొడితే చెట్టు లావెక్కుతూ రేకును మింగేస్తుంది. అంగుళం బయటికి వదిలి, సందులో స్ప్రింగు పెట్టాలి, రెండేళ్లకోసారి మేకు లాగి చూడాలి. రేకు మీద ముందు చేరిక నంబరు (మొక్క తోటలో చేరినప్పుడు ఇచ్చేది), తర్వాత కుటుంబం, శాస్త్రీయ నామం, తెలుగు పేరు, వచ్చిన చోటు. పేరు తప్పు పడినా దిద్దొచ్చు, నంబరు పోతే దిద్దడానికి ఆధారమే ఉండదు. అందుకని నంబరున్న రెండో రేకును మొదట్లో భూమిలో జానెడు లోతున పాతేవారు. పిల్లలు పైరేకు పీక్కెళ్లినా కిందది ఉంటుంది.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరు 12న ఆ కింది రేకుల విలువ తెలిసింది. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలికి తురాయి, పెల్టోఫోరం, నిద్రగన్నేరు వేళ్లతో సహా పడ్డాయి. తాటి, కొబ్బరి చాలావరకు నిలబడ్డాయి. పడ్డ చెట్ల అడుగు చూస్తే చాలావాటికి వేళ్లు తాడులా చుట్టుకుని ఉన్నాయి. నర్సరీ సంచిలో ఏడాదికి మించి ఉంచి, ఆ చుట్టు కోయకుండా నాటిన చెట్టు పైకి ఎంత పెరిగినా కింద పట్టు ఉండదు. నాటేటప్పుడు సంచి విప్పి, చుట్టిన వేళ్లను మూడు నాలుగు చోట్ల నిలువునా కోయడం ఒక నిమిషం పని. పడిన వాటిలో తొడ లావు లోపు మొదలున్నవాటినే ఎత్తి నిలబెట్టడంలో అర్థం ఉంది. అదీ వేళ్లు ఎండకముందే, కొమ్మల్లో సగం కొట్టేసి, సముద్రం వైపు గట్టి ఊతం కట్టి. పడనివాటి ఆకులు కూడా ఉప్పుగాలికి మాడి కాగితాల్లా మారాయి. ఒక రోజులోపు మంచినీళ్లతో కడగగలిగిన కుండీ మొక్కలు బతికాయి. చిగుళ్లేశాయి కదా అని పెద్దచెట్లకు వెంటనే ఎరువు వేస్తే అది వృథా. వేళ్లు తెగిన చెట్టు దాన్ని తీసుకోలేదు.

పోయిన చెట్టు స్థానంలో మళ్లీ నాటేటప్పుడు తోటలోని గింజను నమ్మకూడదు. దగ్గర చుట్టాలైన జాతులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పుప్పొడి కలిసి సంకరం పుడుతుంది. పాత చెట్టు బతికుండగా కట్టిన గాలి అంటు ఉంటే అదే అసలు వారసురాలు. లేకపోతే మొదట తెచ్చిన కొండకే మళ్లీ వెళ్లాలి, ఆ కొండ ఏదో షీటు లేబులు చెబుతుంది. అంటు మొక్కకు కొత్త నంబరు ఇచ్చి, దాని పక్కనే తల్లిచెట్టు నంబరూ, అంటు కట్టిన నెలా, కట్టిన మాలీ పేరూ రిజిస్టర్లో రాయాలి. తల్లి నంబరు రాయకపోతే బీరువాలోని షీటుకూ బయటి చెట్టుకూ సంబంధం తెగుతుంది. మాలీ పేరు రాయడానికి రిజిస్టర్లో గడి లేదంటారు. ‘వివరములు’ అన్న గడిలో చోటు చాలానే ఉంది.